ఒకరికి సరిపడా

మార్చి 4

పిచ్చుకకు ఉన్న జబ్బు పేరు ఈ రోజు తెలిసింది. సీలియాక్ అట. డాక్టరు చేత మళ్ళీ మళ్ళీ పలికించుకుని నేర్చుకున్నాను. గోధుమలో గ్లూటెన్ అని జిగురులాంటిది ఒకటి ఉంటుందట, అది దీని పేగులకు పడదట. పడకపోవడమంటే దద్దుర్లు రావడం, దురద పుట్టడం కాదు. లోపల పేగు గోడే అరిగిపోతుందట. ఎంత తిన్నా ఒంటికి పట్టదట. అందుకే పదేళ్ళ పిల్ల ఏడేళ్ళదానిలా ఉంది. మేమేమో పిట్టంత ఉందని పిచ్చుక అని పేరు పెట్టి మురిసిపోయాం.

"దీనికి మందు లేదు," అన్నాడు డాక్టరు. మా ఆయన హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. నాకూ అలాగే అనిపించింది. మందు లేకపోతే మందుల ఖర్చూ లేనట్టే కదా అనుకున్నాం.

"తిండే మందు. గోధుమ, బార్లీ జన్మలో ముట్టకూడదు. ఒక్క ముక్క కూడా."

"బిస్కెట్టు కూడానా?" అని అడిగింది పిచ్చుక.

"బిస్కెట్టు కూడా."

"కేకు?"

"కేకు కూడా."

ఇంటికొచ్చే దారంతా పిచ్చుక బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆసుపత్రిలో మేం లేచేటప్పుడే డాక్టరు ఇంకో మాట అన్నాడు. ఇది రక్తంలో వచ్చేది కాబట్టి తల్లికో తండ్రికో కూడా ఉండొచ్చట. మమ్మల్నిద్దర్నీ పరీక్ష చేయించుకోమన్నాడు. సరేనన్నాం.

మార్చి 6

నేనూ పిచ్చుకా పెద్ద కొట్టుకు వెళ్ళాం. గోధుమ లేని సరుకంతా ఒక మూల అరల్లో పెట్టారు, వాసన సబ్బుల పక్కన. రొట్టె ప్యాకెట్టు తీసి ధర చూశాను. పక్క వస్తువు ధర చూశానేమోనని మళ్ళీ చూశాను. మా వీధి బట్టీలో మా నలుగురికీ వారమంతా వచ్చే రొట్టె ఖరీదుకు ఈ చిన్న ప్యాకెట్టు ఒకటి వస్తుంది. మా ఇంట్లో ఏ పూటైనా రొట్టే కదా. చవక, పైగా వండే పని ఉండదు.

కొన్నాను. ఇంటికొచ్చాక పిచ్చుక ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇది బొమ్మలు తినే రొట్టె అమ్మా."

కొరికింది. ఎలా ఉందని అడిగితే, "కడిగిన ఇసుకలా ఉంది," అంది. నవ్వాం. అయినా మొత్తం తింది. ఆ తర్వాత కడుపు పట్టుకోలేదు. పుట్టిన దగ్గర్నుంచి అది రొట్టె తిన్నాక కడుపు పట్టుకోకుండా ఉండడం చూడటం ఇదే మొదటిసారి. ఎంతైనా కొంటాను.

మార్చి 10

వంటింటి కోసం ఇంట్లో పెద్ద యుద్ధం. దానికి వేరే గిన్నె, వేరే చాకు, వేరే అర ఉండాలి. పిండి దుమ్ము కూడా దాని కంచంలో పడకూడదు. పాత పెనం బయట పెట్టి కొత్తది తెచ్చాను.

అత్తయ్యకు కోపం వచ్చింది. "నా చేతి రొట్టె తినే మీ ఆయన ఇంతెత్తు పెరిగాడు. ఇప్పుడు నా చెయ్యి విషమైపోయిందా అమ్మాయ్?"

"మీ చెయ్యి కాదు అత్తయ్యా, పిండి."

"పిండి విషమైతే ఊరు ఊరంతా ఎప్పుడో చచ్చేది."

పిచ్చుక మధ్యలోకి వచ్చి, "నానమ్మా, ఊరికి కాదు, నాకొక్కదానికే," అంది. అత్తయ్య ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే లేచి బల్ల తడిగుడ్డతో తుడిచారు.

మార్చి 13

కడుపు ఉబ్బరం. నేను పనిచేసే లాండ్రీ క్యాంటీన్‌లో టీ పొడి మార్చారు, అదే అయ్యుంటుంది.

మార్చి 19

ఏం తినాలో చెప్పడానికి ఆసుపత్రిలో ఒక మేడం ఉన్నారు. పిచ్చుక ఆమెకు తిండి టీచరు అని పేరు పెట్టింది. మంచి మనిషి. విసుక్కోకుండా చెప్పారు.

"ప్యాకెట్ల మీద ఆధారపడకండి. అన్నం, పప్పులు, గుడ్లు, కూరగాయలు, పాలు, మాంసం. వీటిలో వేటిలోనూ గోధుమ లేదు. పప్పు మాత్రం మూసిన ప్యాకెట్టుది కొనండి. విడి సరుకైతే పిండి తీసిన గరిటతోనే పప్పూ తీస్తారు."

ఇంత తేలికా అనుకుంటూ బయటికొచ్చాను. బస్టాపు చేరేసరికి ఆ తేలిక పోయింది. గుడ్లు, పాలు, మాంసం అని ఎవరైనా చెప్తారు. జబ్బు లేని పిల్లకే అవి రోజూ పెట్టలేకపోయాం. నేను తెల్లవారకముందే లాండ్రీకి పోవాలి. మా ఆయన టైల్స్ పని ఏ రోజు ఎక్కడుంటుందో, అసలు ఉంటుందో లేదో తెలియదు. గ్యాసు బండ కూడా ఇప్పుడు ముందుగానే అయిపోతోంది.

అన్నం, బంగాళదుంప. బంగాళదుంప, అన్నం. స్కూలుకు మాత్రం ఆ చిన్న రొట్టె. అక్కడ మధ్యాహ్నం అందరికీ ఊరికే రొట్టే పెడతారు. తనూ రొట్టె తింటున్నట్టు కనపడితే చాలట దానికి.

మార్చి 27

మా ఆయన పరీక్ష చేయించుకున్నారు. ఏమీ లేదు. "గోధుమ చేనంతా మేసినా నాకేం కాదట," అని నవ్వారు.

"మరి నువ్వెప్పుడు?"

"సెలవు దొరకాలిగా," అన్నాను.

ఏప్రిల్ 3

లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. తడి దుప్పటి అంచులు ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఇస్త్రీ రోలర్‌లోకి అందించాలి. చేతులు ఒక్క క్షణం ఆలస్యమైతే గుడ్డ వంకరగా పోతుంది, లేదంటే వేళ్ళు పోతాయి. ఎప్పుడూ నాకు ఎదురుగా నిలబడేది పొడుగక్క. ఆమె అరిస్తే కానీ నేను కళ్ళు మూసుకున్నానని నాకే తెలియలేదు.

"నిలబడే నిద్రపోతున్నావేంటే? ఒంట్లో రక్తం లేదు నీకు. ఆ పెదాలు చూడు."

"నేను చిన్నప్పట్నుంచీ ఇంతే."

నిజమే. మా అమ్మ కూడా ఇంతే. ఎప్పుడూ నీరసం, నోట్లో పుళ్ళు. తిని లేస్తే కడుపు రాయిలా ఉందనేది. మెట్టు దిగుతుంటే తుంటి విరిగింది, ఆ మంచం మీంచి మళ్ళీ లేవలేదు. పాపం, చాకిరీ అలాంటిది. మా ఇంటి ఆడవాళ్ళ ఒళ్ళే అంత. పిచ్చుక తర్వాత రెండుసార్లు నా కడుపు నిలవలేదు. "ఈ పిల్ల ఒంట్లో ఏదీ నిలవదు," అనేవారు అత్తయ్య అప్పట్లో. కొందరి ఒళ్ళు అంత.

నోట్లో పుండు లేచింది. వేడి చేసినట్టుంది.

ఏప్రిల్ 11

దారి దొరికింది. పిండిమర అతను మొక్కజొన్న పిండి కూడా ఆడతాడట. పెద్ద కొట్టులో ఉన్న దాంట్లో పావు వంతు ధర. సంచీ నిండా తెచ్చాను. ప్యాకెట్ల వాళ్ళు మనల్ని ఎంత వెర్రివాళ్ళను చేస్తున్నారో.

ఏప్రిల్ 15

వేడివేడిగా కాల్చి పెడుతుంటే పిచ్చుక పొయ్యి దగ్గరే నిలబడి తినేసింది. "ఇది మనుషుల రొట్టె," అంది. ఎంత కావాలంటే అంత పెట్టగలుగుతున్నాను. దానికి పెట్టేటప్పుడు లెక్క చూసుకోకపోవడం ఎంత హాయిగా ఉందో.

ఏప్రిల్ 20

రెండు రోజులుగా పిచ్చుకకు వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. స్కూల్లో ఏం తిన్నావని అడిగాను. ఏం తినలేదంది. అందరూ తింటుంటే నోరు కట్టుకోలేకపోయి ఉంటుంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదంది. చెంప మీద కొట్టాను.

అబద్ధం అలవాటైతే ఈ జబ్బుతో బతకలేదు. అందుకే కొట్టాను.

ఏప్రిల్ 22

పిండిమరకు వెళ్ళాను. నా ముందున్నామె గోధుమలు ఆడించుకుంది. ఆ వెంటనే అదే మరలో మొక్కజొన్న పోశాడు, పిండీ అదే గుడ్డ గొట్టంలోంచి రాలింది.

"మధ్యలో కడగరా?" అన్నాను.

"పిండిమర కడుగుతారా అమ్మా ఎవరైనా?" అన్నాడు, వెటకారంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి.

పిచ్చుకకు చెప్పాను, నువ్వు నిజమే చెప్పావు, నేనే ఊరికే కొట్టాను అని. "సర్లే అమ్మా," అంది, పెద్దదానిలా. మిగిలిన పిండి పొడుగక్కకు ఇచ్చేశాను. ఇంకెప్పుడూ దాని మాట అనుమానించను.

మళ్ళీ ప్యాకెట్లే.

మే 15

పిచ్చుక బుగ్గలు వచ్చాయి. గౌను బిగుతయింది. వీధిలో అందరూ అంటున్నారు. ఆసుపత్రిలో బరువు చూసే యంత్రం మీద అది నిలబడితే నేనే ఎక్కినంత గర్వంగా చూశాను.

తిండి టీచరు రిపోర్టు రెండుసార్లు చదివారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"బరువు పెరిగింది. రక్తం మాత్రం పెరగలేదు. ఎముకలు కూడా బలహీనంగానే ఉన్నాయి. ఎక్కువగా ఏం పెడుతున్నారు?"

ప్యాకెట్టు రొట్టె, గోధుమ లేని ప్యాకెట్టు బిస్కెట్లు, అన్నం, బంగాళదుంప అని చెప్పాను.

"వాటిలో ఉండేది గంజిపొడి, చక్కెర, నూనె. పీచు ఉండదు, మాంసకృత్తులు ఉండవు. మీ బట్టీ రొట్టె పిండిలో ఇనుము కలుపుతారు. వీటిలో అదీ కలపరు. గోధుమ లేదన్న మాట ఒక్కటే వీటిలో మంచి."

ఆ బిస్కెట్లు కొనడానికి నేను బస్సు మానేసి లాండ్రీకి నడుస్తున్నాను. ఆమెకు చెప్పలేదు. మంచి మనిషి, బాధపడుతుంది.

"మీరు పరీక్ష చేయించుకున్నారా?" అని అడిగారు.

"చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు."

మే 16

అది అబద్ధమేం కాదు. చేయించుకుంటే ఏమీ లేదనే అంటారు. ఏమీ లేనిదానికి ఒక రోజు జీతం పోగొట్టుకోవడం దేనికి.

ఒకవేళ ఉందనుకుందాం. అంటే ఊరికే అనుకుందాం. అప్పుడు ఇద్దరికి కొనాలి. ఉన్నదాంట్లోంచి దాని కంచంలో సగం నా కంచంలోకి రావాలి.

కాబట్టి లేదు.

మే 29

బిస్కెట్లు మానేశాను. ఆ డబ్బుతో పిచ్చుకకు రోజుకో గుడ్డు, మూసిన ప్యాకెట్టు పప్పు. దానికొక్కదానికే. గుడ్డు ఒకటే అయితే మనిషీ ఒకరే కావాలి కదా.

జూన్ 3

లాండ్రీలో బాయిలర్ పగిలింది. బాగుచేసేదాకా పని లేదు, జీతమూ లేదు. ఇంట్లోనే ఉన్నాను. ఒక కుండలోనే ఇద్దరికీ అన్నం, పలచగా పప్పు వండుకుని నేనూ పిచ్చుకా తింటున్నాం. మళ్ళీ రొట్టె కోసం బట్టీ దాకా పోవడం దేనికని.

జూన్ 12

ఎన్నాళ్ళయిందో ఇంత హాయిగా ఉండి. పొద్దున్న లేవగానే తల బరువుగా లేదు. నోట్లో పుండు మానింది. చీర కుచ్చిళ్ళు సాయంత్రానికి బిగుసుకుపోవడం లేదు. పిచ్చుకతో తాడాట ఆడాను. అత్తయ్య గుమ్మంలో కూర్చుని, "తల్లెవరో పిల్లెవరో తెలియడం లేదు," అన్నారు.

విశ్రాంతి ఎంత పెద్ద మందో. పనే మనిషిని తినేస్తుంది.

జూన్ 16

పని మొదలైంది. రొట్టె కట్టుకుని పోయాను.

జూన్ 18

రోలర్ దగ్గర వంగలేకపోయాను. క్యాంటీన్ వెనక వాంతి చేసుకున్నాను. పొడుగక్క వీపు నిమురుతూ, "నీళ్ళోసుకున్నావా?" అంది. కాదన్నాను. "మరి డాక్టరు దగ్గరికి పోవే."

ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా పనిలో పడితే ఇలాగే ఉంటుంది.

జూన్ 24

సాయంత్రం పక్క మీద వాలితే పిచ్చుక వచ్చి నా పొట్ట మీద చెవి పెట్టింది.

"నీ పొట్ట కూడా నాదానిలాగే మాట్లాడుతోంది."

"ఆకలేసి."

"కాదు. రొట్టె తిన్నాక గుడగుడ అంటుంది, తర్వాత గట్టిగా అయిపోతుంది, ఆ తర్వాత ఇక్కడ నొప్పి." సరిగ్గా నాకు ఎక్కడ నొప్పో అక్కడే వేలు పెట్టింది. "నాకు తెలుసమ్మా. నాకు అలాగే ఉండేది."

నాకు కోపం ఎందుకొచ్చిందో తెలియదు. "పిచ్చి వాగుడు వాగకు. నాన్నతో అనకు ఇది," అన్నాను.

"మరి నొప్పి?"

"పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు. కొంచెం నొప్పి ఓర్చుకుంటే ఏమీ కాదు."

అది నా పొట్ట మీద చెయ్యి వేసి అలాగే పడుకుంది.

జూలై 5

అన్నం డబ్బా తెరిస్తే రొట్టె కింద ఉడికించిన గుడ్డు. అత్తయ్య పెట్టి ఉంటారు. నోటితో ఒక మంచి మాట అనరు కానీ, చేతితో చేస్తారు. సాయంత్రం ఏమీ అనకుండా ఆమె కాళ్ళకు నూనె రాశాను. "ఏమొచ్చింది నీకివాళ?" అన్నారు.

జూలై 9

మళ్ళీ గుడ్డు.

జూలై 17

ఈసారి ప్యాకెట్టు రొట్టె చాలా రోజులు వచ్చింది. నాకు పొదుపు బాగా వంటబట్టినట్టుంది.

జూలై 28

పిచ్చుక అన్నం సగంలో లేచిపోతోంది. ఆకలి లేదంటుంది. బుగ్గలు తగ్గాయి. ఎదిగే వయసు, ఒళ్ళు లాగుతోంది.

ఆగస్టు 8

ఆసుపత్రి. అన్నీ వెనక్కి వెళ్ళాయి. రక్తం తగ్గింది, బరువు తగ్గింది. గోధుమ తగిలితే పెరిగే లెక్క ఏదో ఉందట, అది మొదట్లో ఎంత ఉందో అంతకు పోయింది.

"ఎక్కడో గోధుమ పడుతోందమ్మా," అన్నారు తిండి టీచరు. "కొంచెం కాదు. రోజూ పడుతోంది."

పిచ్చుకను అడగలేదు. ఒకసారి అడిగి కొట్టింది చాలు. వంటిల్లే అయ్యుండాలి.

ఆగస్టు 10

సెలవు పెట్టి వంటిల్లంతా కడిగాను. అరలు, గోడ, పొయ్యి కింద, తలుపు పిడి. అత్తయ్య కట్టుకున్న చీర కూడా ఉతికాను. ఆమే మార్చుకుని ఇచ్చారు. బల్ల మీద రొట్టె పొడి ఒక్క నలుసు కూడా లేదు. మరి ఎక్కడ?

ఆగస్టు 11

ఈ రోజు రాయడం కష్టంగా ఉంది. అయినా రాస్తాను.

పనికి ఈ రోజు కూడా పోలేదు. పొద్దున్న పిచ్చుక స్కూలుకు వెళ్ళాక అత్తయ్యతో అన్నాను, "నాకు గుడ్డు పెట్టడం మానెయ్యండి. పిల్లకు ఒంట్లో బాగాలేదు, రెండూ దానికే పెడదాం," అని.

"నీకు గుడ్డు పెట్టానా? ఎప్పుడు?"

"నా డబ్బాలో."

"అమ్మాయ్, ఇంట్లోకి రోజుకి ఒక్కటేగా వచ్చేది. అది రాత్రే ఉడికించి పిల్లదాని డబ్బాలోనేగా పెడుతున్నాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు అర లోంచి ప్యాకెట్టు రొట్టె తీశాను. ముక్కలన్నీ దాదాపు అలాగే ఉన్నాయి. పైవి ఎండిపోయి, అంచులు పైకి లేచి ఉన్నాయి. పిచ్చుక స్కూలు డబ్బాలోకి పోయి తిరిగొచ్చిన ముక్కలు.

పిచ్చుక స్కూలు నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. అది నా మొహం చూసి సంచీ దింపి పక్కన కూర్చుంది. నేను గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదు.

"స్కూల్లో వాళ్ళు పెట్టే రొట్టె తింటున్నావా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"నీకూ ఉందని తెలిసినప్పట్నుంచి."

"చచ్చిపోతావని తెలియదా నీకు?"

"కొంచెం నొప్పేగా అమ్మా. నువ్వు ఓర్చుకుంటున్నావుగా, నేనూ ఓర్చుకుంటున్నా." సంచీ పట్టీ లాగుతూ అంది, "గుడ్లు ఇద్దరికీ లేవుగా. ఒక్కళ్ళకే ఉన్నాయిగా. నాది తీసి నీ డబ్బాలో పెట్టా, నువ్వు తింటే నీకు నయమవుతుందనుకున్నా. రొట్టె కూడా నీకే దాచా. నువ్వేమో తియ్యట్లేదు."

"నాకు లేదని చెప్పానుగా."

"నువ్వు అబద్ధం చెప్పావు," అంది. కోపంగా కాదు. బయట ఎండగా ఉంది అన్నట్టు చెప్పింది.

దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. వీపు మీద ఎముకలన్నీ చేతికి తగిలాయి. ఇకమీదట నువ్వు తినవద్దంటే, "నువ్వు మానేస్తే నేనూ మానేస్తా," అంది. బేరం కాదు అది. పిల్ల ఏడుస్తోంది.

అత్తయ్య లోపల్నుంచి అంతా విన్నారు. బయటికి రాలేదు.

ఆగస్టు 12

మా ఆయనకు చెప్పాను. ఆయన టైల్స్ సుద్ద అంటిన చేతులు కడుక్కోకుండానే కూర్చుండిపోయారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాళ్ళు? ఇద్దరికి ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు?"

ఆయన గోళ్ళలో ఇరుక్కున్న సుద్ద గీక్కున్నారు. ఎక్కణ్ణుంచీ రాదని ఇద్దరికీ తెలుసు. "అయినా చెప్పాల్సింది," అన్నారు.

ఆగస్టు 18

పరీక్ష చేయించుకుంటానని మాటిచ్చాకే పిచ్చుక స్కూలు రొట్టె మానేసింది. ఈ రోజు పరీక్షకు రక్తం ఇచ్చాను. గోధుమ మానేశారా అని అడిగాడు డాక్టరు. లేదన్నాను.

"మంచిది. తింటూ ఉండగానే పరీక్ష చెయ్యాలి."

ఇన్నేళ్ళలో ఆ రొట్టె తిన్నందుకు నన్ను మెచ్చుకున్నవాడు ఇతనొక్కడే.

ఆగస్టు 30

ఉంది.

సెప్టెంబర్ 2

రెండు రోజులు రాయలేకపోయాను. ఆ రోజు డాక్టరు అన్నీ అడిగాడు. నోటి పుళ్ళ గురించి, నీరసం గురించి. మా అమ్మ గురించి చెప్పాను. తల ఊపాడు. పిచ్చుక తర్వాత రెండుసార్లు నిలవలేదని చెప్పాను. రాయడం ఆపి నావైపు చూశాడు.

"ఖచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ దీనివల్ల కూడా అయ్యుండొచ్చు."

ఇంటికి నడిచే వచ్చాను. దారంతా ఆ మాటే. అయ్యుండొచ్చు. ఆ పిల్లలు ఉండేవాళ్ళేమో. వాళ్ళూ పిచ్చుకలాంటి వాళ్ళే అయి ఉంటే ఎక్కణ్ణుంచి పెట్టేదాన్ని అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు వీధి మధ్యలో నిలబడిపోయాను. ఎవరో స్కూటరు మీద వెళ్తూ తిట్టారు.

డాక్టరు అన్నదంతా అత్తయ్యకు చెప్పాను. ఆమె పప్పులో రాళ్ళు ఏరుతున్నారు. ఏరిన పప్పునే మళ్ళీ ఏరుతూ కూర్చున్నారు. "నేనప్పుడు ఏవేవో అన్నాను," అన్నారు చివరికి. ఫరవాలేదు అనాలనిపించలేదు.

సెప్టెంబర్ 5

ఈ ఇంట్లోకి ఇక రొట్టె రాకూడదని అత్తయ్య తీర్మానం చేశారు. "నాకు పళ్ళు లేవు, ఎలాగూ నమలలేకపోతున్నాను. అందరికీ ఒకటే కుండ," అన్నారు. పళ్ళు లేని మాట నిజమే కానీ, రొట్టె టీలో ముంచుకుని తినడమే ఆమెకు రోజులో ఉన్న ఒక్క సంతోషం.

మా ఆయన పనిచేసే చోట రొట్టె కొనుక్కు తింటారు. తినకపోతే ఆ బరువులు మోయలేరు. ఇంటికొచ్చి పంపు దగ్గర చేతులు, నోరు కడుక్కుని, చొక్కా దులిపి మరీ లోపలికి వస్తున్నారు.

ప్యాకెట్లు పూర్తిగా మానేశాం. ఒకటే కుండ అన్నాక బియ్యం డబ్బా అడుగు తొందరగా కనిపిస్తోంది. నెలాఖరుకు పప్పు నీళ్ళలా అవుతుంది. గుడ్డు ఒకటే. పిచ్చుక చాకుతో సగానికి కోస్తుంది. నేను నా సగం తినేదాకా తన సగం నోట్లో పెట్టుకోదు. తినకపోతే స్కూలు రొట్టె తింటానని బెదిరిస్తుంది. తింటున్నాను. దాని నోటి దగ్గరిది తింటున్నట్టే ఉంటుంది గానీ, తింటున్నాను.

సెప్టెంబర్ 21

తిండి టీచరుకు నిజం చెప్పాను, అప్పుడు చేయించుకోలేదని. ఆమె తిట్టలేదు. ఇలాంటి ఇళ్ళకు సరుకులు ఇచ్చే పథకం ఏదైనా ఉందేమో కనుక్కుంటానన్నారు. పోయినసారి ఇంకొకరికి కూడా కనుక్కుంటానన్నారట. ఏమీ దొరకలేదట. అదీ ఆమే చెప్పారు.

అక్టోబర్ 3

క్యాంటీన్‌లో అందరూ రొట్టె తింటుంటే నేను చల్లారిన అన్నం డబ్బా తీశాను. పొడుగక్క నా డబ్బాలోకి తొంగిచూసి, "ఇంతేనా?" అంది. తన డబ్బాలో నాకు పెట్టగలిగింది ఏదైనా ఉందా అని వెతికింది. ఏమీ లేదు. అన్నింట్లోనూ పిండే. మూత పెట్టేసి, ఆ మధ్యాహ్నం బరువు దుప్పట్లన్నీ తన వైపుకి లాక్కుంది.

కడుపులో నొప్పి లేదు. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆకలి ఒక్కటే. ఇన్నాళ్ళూ ఆ రెండూ కలిసిపోయి ఉండేవి. ఏది ఏదో తెలిసేది కాదు.

ఇంటికొచ్చేసరికి పిచ్చుక గుమ్మంలో ఉంది. ఈమధ్య రోజూ ఇదే. నేను ఏం తిన్నానో అది అడుగుతుంది, అది ఏం తిందో నేను అడుగుతాను. అది తిన్నది చెప్పింది. రొట్టె ముట్టలేదంది. నమ్మాను. నేను తిన్నది చెప్పాను.

"కడుపు నిండిందా?" అని అడిగింది.

నిండింది అని నోటిదాకా వచ్చింది. అది కళ్ళార్పకుండా నా మొహంలోకే చూస్తోంది.

"నిండలేదు," అన్నాను.

"నాకూ నిండలేదు," అంది పిచ్చుక.

అత్తయ్య గోడ పట్టుకుని లేచారు. వంటింట్లో, రేపటికని పక్కన పెట్టిన బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది.